రెండో నంబరు స్టూడియోలో ఒక సోమవారం

లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకు కాసేపు నడిస్తే మాథ్యూ స్ట్రీట్ వస్తుంది. ఒకప్పుడు పళ్లు, సరుకుల గోదాములు వరసగా ఉన్న సందు. ఇప్పుడు పగలంతా యాత్రికులు, రాత్రంతా పాటలు. అక్కడ మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్తే కావెర్న్ క్లబ్. కమానుల్లా వంగిన కప్పు, ఇటుక గోడలు, ఒక చివర చిన్న వేదిక. 1957లో జాజ్ క్లబ్బుగా మొదలైన అసలు కావెర్న్ 1973లో మూతపడింది. పైనున్న కట్టడాన్ని కూల్చి నేలమాళిగను పూడ్చేశారు. 1984లో పాత చోటు కొంత కలిసి వచ్చేలా, పాత ఇటుకలే చాలావరకు వాడి, దాన్ని మళ్లీ కట్టారు.

నేను వెళ్లేసరికి ఒక యువకుడు వేదిక మీద ఒంటరిగా గిటారు వాయిస్తూ పాడుతున్నాడు. పాట బాగుంది. కానీ అతని గొంతు నేరుగా చెవికి చేరేలోపే గోడలకు తగిలి తిరిగి వస్తోంది. ఒక మాట ఇంకా వినపడుతుండగానే రెండోది దాని మీద పడుతోంది. నలుగురు మనుషులు, మూడు ఆంప్లిఫయర్లు, ఒక డ్రమ్ సెట్టు, గాలి ఆడని ఈ గదిలో భుజాలు రాసుకుంటూ నిలబడ్డ జనం ఉంటే ఆ హోరు ఎలా ఉండేదో ఊహించవచ్చు.

1962 డిసెంబరులో జార్జ్ మార్టిన్ ఆ హోరు వినడానికే ఇక్కడికి వచ్చాడు. ఈఎంఐ కంపెనీలో పార్లోఫోన్ లేబుల్‌కు అధిపతి. బీటిల్స్ బృందం మొదటి ఆల్బమ్‌ను ఈ నేలమాళిగలోనే, వాళ్ల శ్రోతల మధ్యే రికార్డు చేస్తే ఎలా ఉంటుందన్నది అతని ఆలోచన. వచ్చాడు, విన్నాడు, ఈ గోడల మధ్య కుదరదని తేల్చుకున్నాడు. అయితే గదిని వద్దనుకున్నాడు గానీ, గదిలో జరుగుతున్నదాన్ని వదులుకోలేదు. ఇక్కడ తరచూ వాయిస్తున్న పాటలనే లండన్ స్టూడియోకు తెచ్చి, ఇక్కడ వాయించినట్టే వాయించమన్నాడు.

'ప్లీజ్ ప్లీజ్ మీ' అనే ఆల్బమ్ అలా పుట్టింది. అందులోని 14 పాటల్లో నాలుగు అప్పటికే విడుదలైన రెండు సింగిల్ రికార్డులవి. మిగిలిన 10 పాటలనూ 1963 ఫిబ్రవరి 11న, ఒక్క సోమవారం, ఒక్క గదిలో నలుగురూ కలిసి వాయిస్తూ, వాయిస్తూనే పాడుతూ ముగించారు. ఆ రోజు మీద నాకు ఏళ్లుగా ఆసక్తి. ఆ పాటలు పెరిగిన చోటు నుంచి, అవి టేపు మీదికి ఎక్కిన చోటు దాకా ఆ దారిని నా కాళ్లతో చూడాలనిపించి ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

కావెర్న్‌లో బీటిల్స్ మొదటిసారి 1961 ఫిబ్రవరిలో వాయించారు, చివరిసారి 1963 ఆగస్టులో. ఆ రెండున్నరేళ్లలో దాదాపు 290 సార్లు ఆ వేదిక ఎక్కారు. అందులో ఎన్నో మధ్యాహ్న భోజన వేళ కచేరీలు. చుట్టుపక్కల ఆఫీసుల్లో, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు, అమ్మాయిలు గంట తీరిక దొరికితే వచ్చి వినేవారు. దానికి ముందే జర్మనీలో హాంబుర్గ్ రాత్రులు మొదలయ్యాయి. 1960లో ఇంద్రా క్లబ్బులో మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, వారాంతాల్లో ఆరు గంటలు వాయించాలన్నది ఒప్పందం. తర్వాత కైసర్‌కెల్లర్, టాప్ టెన్, స్టార్ క్లబ్. అంతసేపు జనాన్ని నిలబెట్టాలంటే వచ్చిన పాటలు చాలవు, కొత్తవి నేర్చుకోవాలి. పాట మధ్యలో ఒకడు దారి తప్పితే మిగతావాళ్లు ఆగకుండా అతన్ని మళ్లీ దారిలో పెట్టాలి. ఎవరు ఎప్పుడు ఊపిరి పీలుస్తారో కూడా పక్కవాడికి తెలిసిపోయేంత సాధన అది. అదంతా చదివి తెలుసుకున్నదే. కానీ ఆ ఇటుక కమాను కింద నిలబడి, నాకూ ఆ వేదికకూ మధ్య ఉన్న కొద్దిపాటి దూరాన్ని చూసినప్పుడు ఆ సాధన ఎంత బాహాటంగా జరిగిందో అర్థమైంది. దాక్కోవడానికి అక్కడ చోటు లేదు.

లివర్‌పూల్ నుంచి లండన్ యూస్టన్‌కు రైల్లో రెండు గంటల పైచిలుకు. ఇప్పుడు అది కునుకు తీసేంత ప్రయాణం. 1961 డిసెంబరు ఆఖరి రోజున అదే దూరాన్ని బీటిల్స్ ఒక వ్యానులో, మంచు కురుస్తుండగా పోయారు. తెల్లారితే డెక్కా రికార్డు కంపెనీలో పరీక్ష. లండన్‌లో నేను మొదట వెతుక్కుంటూ వెళ్లింది ఆ పరీక్ష జరిగిన ఇంటికే. వెస్ట్ హాంప్‌స్టెడ్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న బ్రాడ్‌హర్స్ట్ గార్డెన్స్ వీధిలో ఉంటుంది. డెక్కా వెళ్లిపోయాక ఆ భవనం ఇంగ్లిష్ నేషనల్ ఒపెరా చేతికి వచ్చింది. అక్కడ ఫొటో తీసుకునేవాళ్లు ఎవరూ కనిపించలేదు.

1962 జనవరి 1న ఈ గోడల వెనక బీటిల్స్ 15 పాటలు రికార్డు చేశారు. అప్పుడు డ్రమ్స్ మీద పీట్ బెస్ట్. అవీ స్టూడియోలో అందరూ కలిసి ఒకేసారి వాయించినవే. డెక్కా వాళ్లను తీసుకోలేదు. ఆ టేపులు తర్వాతి కాలంలో బయటికి వచ్చాయి కాబట్టి మనమూ వినవచ్చు. పాటలన్నీ సరిగానే ఉన్నాయి. కానీ గొంతుల్లో బిగువు, వేళ్లలో జంకు వినపడతాయి. వేదిక మీద జనాన్ని ఊపేసిన కుర్రాళ్లు గాజు కిటికీ ముందు ముడుచుకుపోయారు. స్టూడియోలో ప్రత్యక్షంగా వాయించినంత మాత్రాన పాటకు ప్రాణం రాదని చెప్పే సాక్ష్యం ఆ టేపు. ఆ ఇంటికీ, ఆల్బమ్ రికార్డయిన స్టూడియోకూ మధ్య జూబ్లీ లైన్‌లో మూడు స్టేషన్ల దూరం. డెక్కా పరీక్ష నుంచి ఆ సోమవారం దాకా వాళ్లకు పదమూడు నెలలు పట్టింది. ఈలోగా బెస్ట్ స్థానంలో రింగో స్టార్ వచ్చి చేరాడు, రెండు సింగిల్స్ వచ్చాయి, మరిన్ని వందల గంటల కచేరీలు గడిచాయి.

సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్‌లో దిగి గ్రోవ్ ఎండ్ రోడ్డు మీదుగా నడిస్తే అబ్బే రోడ్డు. మలుపు తిరగకముందే ఆ ప్రసిద్ధ క్రాసింగ్ ఏ మూల ఉందో తెలిసిపోతుంది. కార్ల హారన్లు వినిపిస్తాయి. 1969 ఆగస్టు 8న ఇయాన్ మెక్‌మిలన్ నిచ్చెన ఎక్కి ఆరు ఫొటోలు తీసిన జీబ్రా క్రాసింగ్ అది. వాటిలో ఒకటి 'అబ్బే రోడ్' ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కాక ఆ తెల్ల గీతలకు పెద్ద పేరు వచ్చింది. 2010లో ప్రభుత్వం దానికి వారసత్వ కట్టడాల జాబితాలో చోటిచ్చింది. నాలుగు దేశాల కుటుంబాలు నాలుగు వైపుల నుంచి వరసగా నడిచి ఫొటోలు తీసుకుంటున్నాయి. స్టూడియో ప్రహరీ నిండా పేర్లు, తేదీలు, కృతజ్ఞతలు. గోడ నిండిపోయినప్పుడల్లా సున్నం వేస్తారు, మళ్లీ నిండుతుంది. తెలుగులో రాసిన ఒక పేరు కూడా కనిపించింది. ఎంత దూరం నుంచి వచ్చారో అనుకుంటూ దాని ముందు కాసేపు ఆగాను.

బయటి నుంచి చూస్తే అది స్టూడియోలా ఉండదు. 19వ శతాబ్దపు పెద్ద బంగళా. 1929లో గ్రామఫోన్ కంపెనీ దాన్ని కొని, వెనక ఉన్న విశాలమైన తోట స్థలంలో స్టూడియోలు కట్టింది. 1931 నవంబరులో ఎడ్వర్డ్ ఎల్గార్ స్వయంగా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపించగా ప్రారంభోత్సవం జరిగింది. అదే ఏడాది గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా కలిసి ఈఎంఐ అయ్యాయి. బీటిల్స్ వచ్చిన రోజుల్లో దీని పేరు ఈఎంఐ స్టూడియోస్. వాళ్లు తమ ఆల్బమ్‌కు ఈ వీధి పేరు పెట్టాక, 1970లలో స్టూడియో కూడా ఆ పేరే పెట్టుకుంది.

ఇది ఇప్పటికీ పని జరిగే చోటు. అందుకే మామూలుగా లోపలికి రానివ్వరు. ఈ మధ్య కొన్ని వేసవుల్లో మాత్రం కొద్ది రోజులు టికెట్ పెట్టి జనానికి తలుపులు తెరుస్తున్నారు. అలాంటి ఒక ఆగస్టులో నాకు లోపలికి అడుగుపెట్టే వీలు కలిగింది.

రెండో నంబరు స్టూడియో పెద్ద గది. పాఠశాల సమావేశ మందిరం అంత ఉంటుంది. ఎత్తయిన కప్పు, చెక్క పలకల నేల, తెల్లటి గోడలు. ఒక పక్క గోడను ఆనుకుని ఏటవాలు చెక్క మెట్లు, పైన కంట్రోల్ రూమ్, దాని కిటికీ. కింద వాయించేవాళ్లు తలెత్తితే పైన ఇంజనీర్లు కనిపిస్తారు. తప్పు జరిగిందో ఒప్పు జరిగిందో ఆ కిటికీలోంచి మాట వచ్చేదాకా కింద ఎదురుచూడాలి. గదిలో చప్పట్లు కొట్టి చూశాను. కావెర్న్‌లో శబ్దం మీద పడి కరిచింది. ఇక్కడ అది విచ్చుకుంది, కొద్దిసేపు నిలిచింది, శుభ్రంగా తప్పుకుంది. మార్టిన్ అక్కడి పాటను ఇక్కడికి ఎందుకు తెచ్చాడో చెప్పడానికి ఆ ఒక్క చప్పట చాలు.

ఆ సోమవారం పొద్దున్న పది గంటలకు పని మొదలైంది. హెలెన్ షాపిరో అనే గాయనితో ఊరూరా తిరిగే కచేరీల మధ్య దొరికిన ఖాళీ రోజు అది. మర్నాడే షెఫీల్డ్‌లో, ఓల్డమ్‌లో కచేరీలున్నాయి. బయట గడ్డకట్టే చలికాలం. జాన్ లెనన్‌కు జలుబు, గొంతు బాగాలేదు. స్టూడియోలో గొంతు బిళ్లల సీసా ఒకటి, పక్కనే సిగరెట్లు. పైన మార్టిన్‌తో పాటు ఇంజనీరు నార్మన్ స్మిత్, అతని సహాయకుడు రిచర్డ్ లాంగమ్. యూనియన్ నిబంధన ప్రకారం వాయించేవాళ్లకు మూడు గంటల సెషన్‌కు తలా 7 పౌండ్ల 10 షిల్లింగులు. మొత్తం ఆల్బమ్‌కు అయిన ఖర్చు దాదాపు 400 పౌండ్లని చెబుతారు.

రికార్డు చేసే యంత్రంలో ఉన్నవి రెండే ట్రాకులు. ఒక దాని మీదికి వాద్యాలన్నీ, రెండో దాని మీదికి గొంతులన్నీ. గిటారు ఒక్కటే తర్వాత సరిచేద్దాం, బేస్ ఒక్కటే మళ్లీ వాయిద్దాం అనుకునే వీలు లేదు. నార్మన్ స్మిత్ వాళ్లను తెరల వెనక విడివిడిగా దాచలేదు. వేదిక మీద నిలబడ్డట్టే దగ్గరగా నిలబెట్టాడు. అందువల్ల డ్రమ్స్ మోత పాడేవాళ్ల మైకులోకి వచ్చింది, గిటారు శబ్దం గదంతా తిరిగి అన్ని మైకుల్లోకీ చేరింది. పాఠ్యపుస్తకం ప్రకారం అది లోపం. వినేవాడికి మాత్రం నలుగురు ఒకే గదిలో ఉన్నారన్న నమ్మకం అక్కడే కలుగుతుంది.

పొద్దుటి సెషన్‌లో రెండు పాటలు. మొదటిది 'దేర్స్ ఎ ప్లేస్', రెండోది 'ఐ సా హర్ స్టాండింగ్ దేర్'. రెండో పాటకు తొమ్మిది టేకులు తీశారు. చివరికి నచ్చింది మొదటి టేకే. కానీ తొమ్మిదో టేకు మొదట్లో పాల్ మెక్‌కార్ట్‌నీ తాళం కోసం అంకెలు లెక్కపెట్టిన తీరులో ఏదో ఊపు ఉంది. ఆ లెక్కను కత్తిరించి మొదటి టేకు ముందు అతికించారు. మామూలుగా రికార్డులో ఉంచని భాగం అది. దాన్ని ఉంచడంతో, ఆల్బమ్ పెట్టగానే మనం గదిలోకి నేరుగా వెళ్లి నిలబడతాం.

ఒంటిగంటకు భోజన విరామం. మార్టిన్, ఇంజనీర్లు దగ్గర్లోని పబ్బుకు వెళ్లారు. బీటిల్స్ వెళ్లలేదు. పాలు తాగుతూ మధ్యాహ్నం పాటలు సాధన చేసుకుంటూ ఉండిపోయారు. భోజనం చేసి వచ్చేసరికి వాళ్లు ఇంకా వాయిస్తూనే ఉండటం చూసి ఆశ్చర్యపోయామని లాంగమ్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. రెండున్నర నుంచి ఆరు దాకా రెండో సెషన్. 'ఎ టేస్ట్ ఆఫ్ హనీ', జార్జ్ హారిసన్ పాడిన 'డు యూ వాంట్ టు నో ఎ సీక్రెట్', 'మిజరీ'. ఈ మధ్యలోనే పొద్దున చేసిన పాటలకు లెనన్ మౌత్ ఆర్గాన్, చప్పట్లు జోడించారు. ఆ రోజు మీద అదనంగా పూసిన పూత అంతకంటే పెద్దగా లేదు. తొమ్మిది రోజుల తర్వాత రెండు పాటలకు మార్టిన్ తానే పియానో, సెలెస్టా వాయించి చేర్చాడు. మిగతాదంతా వాళ్లు వాయించింది వాయించినట్టే.

సాయంత్రం ఏడున్నరకు మూడో సెషన్ మొదలైంది. 'హోల్డ్ మీ టైట్' అనే పాట మీద 13 టేకులు ఖర్చయ్యాయి, అయినా అది ఈ ఆల్బమ్‌లోకి రాలేదు. అక్కడ నిరాశపడి చేతులు దించేయవచ్చు. వాళ్లు కావెర్న్ పాటల మూట విప్పారు. 'అన్నా' మూడు టేకులు. 'బాయ్స్' ఒక్క టేకు. ఆ పాట పాడింది రింగో. రెండు చేతులతో, రెండు కాళ్లతో డ్రమ్స్ వాయిస్తూ, ఆ వేగంలోనే గొంతెత్తి పాడి ఒక్కసారిగా ముగించాడు. 'చెయిన్స్' నాలుగు టేకులు తీస్తే మొదటిదే బాగుంది. 'బేబీ ఇట్స్ యు' మూడు టేకులు. ఈ జోరు ఎక్కడి నుంచి వచ్చిందో లివర్‌పూల్ చూసి వచ్చినవారికి చెప్పనక్కరలేదు. ఈ పాటలను వాళ్లు ఆ నేలమాళిగలో ఎన్నిసార్లు పాడి ఉంటారో! స్టూడియోలో చేసింది పాట కట్టడం కాదు, ఎప్పుడో కట్టి సిద్ధంగా ఉన్నదాన్ని అప్పగించడం.

రాత్రి పది దాటింది. ఇంకొక్క పాట కావాలి. క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ ఏది పాడాలో తేల్చుకున్నారు. 'ట్విస్ట్ అండ్ షౌట్'. అంతకు ముందు ఏడాదే ఐస్లీ బ్రదర్స్ పాడి పేరు తెచ్చిన పాట. బీటిల్స్ కచేరీల్లో జనాన్ని ఉర్రూతలూగించే పాట. మొదటి నుంచి చివరి దాకా అరవాల్సిన పాట అది. పొద్దున్నుంచీ పాడి లెనన్ గొంతు పుండులా ఉంది. దాన్ని ముందే పాడించి ఉంటే తర్వాత ఇంకేదీ పాడలేడని తెలిసే చివరికి దాచారు. చొక్కా విప్పేసి మైకు ముందు నిలబడ్డాడు. ఒక టేకు. రెండోది కూడా ప్రయత్నించారు గానీ అప్పటికి గొంతు మిగల్లేదు. మొదటిదే ఆల్బమ్‌లోకి వెళ్లింది. 10.45కి పని ముగిసింది. మూడు సెషన్లూ కలిపితే 585 నిమిషాలు.

స్టూడియో నుంచి బయటికి వచ్చి దగ్గర్లోని ఒక బల్ల మీద కూర్చుని ఆ ఆల్బమ్‌ను చివరి నుంచి విన్నాను. రెండో వైపు ఆఖరి రెండు పాటలను వరసగా వింటే ఒక సంగతి బయటపడుతుంది. పదమూడో పాట 'దేర్స్ ఎ ప్లేస్', ఆ రోజు పొద్దున పదింటికి మొదలుపెట్టినది. పద్నాలుగో పాట 'ట్విస్ట్ అండ్ షౌట్', రాత్రి ఆఖరున పాడినది. రికార్డు మీద వాటి మధ్య కొద్ది సెకన్ల నిశ్శబ్దమే. గడియారంలో మాత్రం పన్నెండు గంటలకు పైగా. మొదటి దానిలో లెనన్ గొంతు జలుబుతోనే అయినా నిటారుగా ఉంది, పాల్ గొంతుతో కలిసి నడుస్తోంది. రెండో దానిలో అదే గొంతు అంచులు చిరిగి, ప్రతి కేకకూ లోపలి నుంచి ఇంకేదో తెచ్చుకుంటోంది. ఒక మనిషి రోజంతా చేసిన కష్టం ఆ రెండు పాటల మధ్య ఖాళీలో ఉంది. విడివిడి రోజుల్లో, విడివిడి ముక్కలుగా, అలసట లేనప్పుడే పాడించి కూర్చిన ఆల్బమ్‌లో ఇది దొరకదు. నేను వెతుక్కుంటూ వచ్చింది దీనికోసమేనని అప్పుడు తెలిసింది.

అందరూ కలిసి ఒకేసారి వాయించి రికార్డు చేయడం మనకు కొత్త సంగతి కాదు. మద్రాసులో మన సినిమా పాటలు ఘంటసాల, పి.సుశీల కాలంలో ఇలాగే తయారయ్యేవి. గాయకులు, వయొలిన్లు, వీణ, వేణువు, తబలా అందరూ ఒకేసారి. పాట మూడో చరణంలో ఎక్కడో ఒక వయొలిన్ అపశ్రుతి పలికితే, అందరూ మళ్లీ పల్లవి నుంచే. అందుకే రికార్డింగుకు ముందు రిహార్సళ్లు గంటల తరబడి సాగేవి. ఆ పాటల్లో గాయకుడు తబలాను వింటూ పాడాడని, తబలా గాయకుడి ఊపిరిని చూస్తూ వాయించిందని ఇప్పటికీ తెలుస్తుంది. ఒకరి తప్పుకు అందరూ మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు, ఎవరూ తన వంతు మాత్రమే చూసుకుని ఊరుకోరు. పక్కవాడి వంతు కూడా మోస్తారు.

ఇంకో బంధం కూడా ఉంది. అబ్బే రోడ్డు బంగళాను కొన్న గ్రామఫోన్ కంపెనీయే మన ఇళ్లలో హెచ్ఎంవీ, కుక్క బొమ్మ రికార్డు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో దాని కర్మాగారం ఉండేది. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతాన్ని 1963లో అదే హెచ్ఎంవీ విడుదల చేసింది. అదే ఏడాది, అదే వంశపు కంపెనీ. ఒకటి లండన్‌లో కుర్రకారును ఊపేసింది, ఇంకొకటి తెలుగు ఊళ్లలో తెల్లవారుజామును మేల్కొలిపింది. రెండింటికీ స్వభావంలో పోలిక లేదు. రెండింటి వెనకా ఏళ్ల తరబడి నిష్ఠగా చేసిన సాధన ఉంది.

అబ్బే రోడ్డు నుంచి హాల్ రోడ్డు మీదుగా పడమరగా నడిచి, మెయిడా వేల్ పెద్ద రోడ్డు దాటి కొంచెం ముందుకు వెళ్తే డెలావేర్ రోడ్డు. అక్కడ వీధి పొడవునా సాగే పొట్టి తెల్ల భవనం బీబీసీ మెయిడా వేల్ స్టూడియోస్. 1909లో స్కేటింగ్ మందిరంగా కట్టారు, 1934లో బీబీసీ తీసుకుంది. రేడియోలో రికార్డులు వేసే గంటలకు వాద్యకారుల యూనియన్, రికార్డు కంపెనీలు పరిమితి పెట్టిన కాలంలో, మిగతా సమయాన్ని నింపడానికి బీబీసీ వాద్యబృందాలను పిలిపించి స్టూడియోలోనే వాయించేది. కొరతను తీర్చుకోవడానికి పెట్టుకున్న ఆ పద్ధతి ఒక పెద్ద నిధి అయింది. బీటిల్స్ ఇక్కడా వాయించారు. రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ 1967 నుంచి 2004లో మరణించేదాకా నడిపిన కార్యక్రమాల కోసం రెండు వేలకు పైగా బృందాలు సెషన్లు చేశాయి. సాధారణంగా ఒక్క రోజు, నాలుగు పాటలు. పేరు లేని బృందాలకు అదే మొదటి మెట్టు. ఆ సెషన్లలో చాలావాటికి ఈ భవనమే ఇల్లు. 2023లో బీబీసీ దీన్ని అమ్మేసింది. కొన్నవారిలో సినీ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఉన్నాడు. స్టూడియోగానే ఉంచుతామన్న మాట విని సంతోషించాను.

ఇక్కడే 2011లో రేడియోహెడ్ బృందం తమ 'ది కింగ్ ఆఫ్ లింబ్స్' ఆల్బమ్‌ను, శ్రోతలు లేకుండా, కెమెరాల ముందు మొత్తంగా వాయించింది. ఆ ఆల్బమ్ అసలు తయారైంది ముక్కలను తిప్పి తిప్పి కలిపే యంత్రాల పద్ధతిలో. దాన్ని మనుషుల చేతులతో వాయించడానికి అదనంగా ఇంకో డ్రమ్మర్‌ను తెచ్చుకున్నారు. ఇద్దరు డ్రమ్మర్లు ఒకరినొకరు చూసుకుంటూ వాయిస్తుంటే, ముందు చల్లగా వినిపించిన పాటలకు రక్తం వచ్చింది. ఎన్ని ట్రాకులైనా వాడుకోగలిగిన కాలంలో కూడా మంచి వాద్యకారులు ఈ పద్ధతికి తిరిగి రావడం పాత రోజుల మీద బెంగ వల్ల కాదు. కలిసి వాయిస్తేనే పుట్టే విషయం ఒకటి ఉంది, దానికి వేరే దారి లేదు.

2013 ఫిబ్రవరి 11న, సరిగ్గా యాభై ఏళ్లకు, బీబీసీ అదే అబ్బే రోడ్డు స్టూడియోలో ఒక ప్రయోగం చేసింది. అన్నే గంటల్లో ఆ ఆల్బమ్ పాటలను మళ్లీ రికార్డు చేయడం. స్టీరియోఫోనిక్స్, జాస్ స్టోన్, మిక్ హక్‌నాల్ వంటి పేరున్నవాళ్లు వచ్చారు. తలా ఒక పాట పంచుకున్నారు. పని పూర్తయింది, బాగానే ఉంది. అది చూశాక అసలు రోజు గొప్పతనం మరింత స్పష్టమైంది. ఆనాడు పంచుకోవడానికి ఎవరూ లేరు. పొద్దున పాడిన గొంతే రాత్రీ పాడాలి, పొద్దున వాయించిన వేళ్లే రాత్రీ వాయించాలి. వాళ్లలో పెద్దవాళ్లయిన జాన్, రింగోలకు అప్పుడు 22 ఏళ్లు. జార్జ్‌కు ఇంకా 20 నిండలేదు.

ఆ ఆల్బమ్ 1963 మార్చి 22న విడుదలైంది. మే నెలలో బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరి, 30 వారాలు అక్కడే ఉంది. దాన్ని దించింది బీటిల్స్ రెండో ఆల్బమే. ఇదంతా తెలిసినవాళ్లు తరచుగా చెప్పే మాట, ఒక్క రోజులో ఆల్బమ్ చేసేశారు అని. లివర్‌పూల్ నుంచి డెలావేర్ రోడ్డు దాకా వచ్చాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. వాళ్లు మూడేళ్లలో ఆల్బమ్ చేశారు, ఒక్క రోజు దాన్ని టేపు మీద పెట్టారు. డెక్కాలో తప్పిందీ ఆ మూడేళ్లలో భాగమే. హాంబుర్గ్‌లో ఖాళీ కుర్చీలకు వాయించిన గంటలూ భాగమే.

హైదరాబాద్‌లో, విశాఖలో కాలేజీ పిల్లలు ఇప్పుడు ఎంతోమంది బ్యాండ్లు కడుతున్నారు. సొంతంగా తెలుగు పాటలు రాసుకుంటున్నారు. ల్యాప్‌టాప్ ఉంటే పడకగదిలోనే ఆల్బమ్ తయారవుతుంది. డ్రమ్స్ ఒక వారం, గిటారు ఇంకో వారం, పాట మరో ఊళ్లో. తప్పులన్నీ దిద్దుకోవచ్చు. అది గొప్ప వెసులుబాటు, డబ్బు లేని పిల్లలకు వరం కూడా. దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ ఆ పాటలన్నీ అలవాటయ్యాక, ఒక రోజు ఒక గది అద్దెకు తీసుకుని, అందరూ ఒకరికొకరు కనిపించేలా నిలబడి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించి రికార్డు చేసుకోవాలని మాత్రం అడుగుతాను. ఎవరు ఎక్కడ తొందరపడతారో, ఎవరు ఎక్కడ పక్కవాడిని వినడం మానేస్తారో ఆ రోజు తేలిపోతుంది. మొదటి ప్రయత్నం బాగా రాకపోవచ్చు. బీటిల్స్‌కూ మొదటి ప్రయత్నం బాగా రాలేదు. అప్పుడు చేయాల్సిన పని యంత్రాన్ని మార్చడం కాదు, మళ్లీ జనం ముందుకు వెళ్లి వాయించడం. పాట నలుగురిదీ అయ్యేదాకా వాయించడం. అలా అయిన పాటకు రెండు ట్రాకులు, ఒక్క రోజు చాలునని ఆ సోమవారం అరవై ఏళ్ల కిందటే రుజువు చేసింది.